ఫ్లాష్‌ల్యాంప్ మార్చే ముందు కెపాసిటర్ సంగతి చూడండి

ల్యాబ్‌లో ఎన్‌డీ-యాగ్ (నియోడిమియం కలిపిన యాగ్ స్ఫటికం) పల్స్‌డ్ లేజర్ పవర్ తగ్గిందంటే చాలామంది వెంటనే అద్దాల స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. దయచేసి ఆగి, ముందు ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కపెట్టే షాట్ కౌంటర్ చూడండి, ఎందుకంటే లేజర్ స్ఫటికానికి కాంతితో శక్తినిచ్చే ఫ్లాష్‌ల్యాంప్ ప్రతి షాట్‌కీ కొంచెం అరుగుతుంది. సెకనుకు 10 పల్సుల చొప్పున నడిపితే గంటకు 36,000 షాట్లు, అంటే 300 గంటలు తిరగకుండానే కోటి దాటిపోతుంది. కౌంటర్ మాన్యువల్‌లో చెప్పిన అంకెకు దగ్గరపడి, ల్యాంపు గొట్టం లోపల చివర్లు నల్లబడి ఉంటే మార్చే సమయం వచ్చినట్టే.

అసలు ప్రమాదం ల్యాంపును వెలిగించే శక్తిని దాచుకునే కెపాసిటర్ దగ్గర ఉంది. 40 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 1500 వోల్టులకు ఛార్జ్ చేస్తే అందులో 45 జౌళ్లు ఉంటాయి, అది ఛాతీ మీదుగా పోతే ప్రాణం పోవచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాక కూడా మిగిలిన ఛార్జ్‌ను మెల్లగా ఖాళీ చేసే లోపలి బ్లీడర్ రెసిస్టర్‌ను నమ్మొద్దు, అది కాలిపోయినా బయటికి ఏమీ తెలియదు. హై వోల్టేజ్ ప్రోబ్‌తో కొలవండి, రెసిస్టర్ ఉన్న గ్రౌండింగ్ కర్రతో డిశ్చార్జ్ చేయండి, తర్వాత కెపాసిటర్ రెండు టెర్మినళ్లను కలిపే షార్టింగ్ వైరు తగిలించి పని అయ్యేదాకా అలాగే ఉంచండి. ఎందుకంటే ఒకసారి షార్ట్ చేసి వదిలేసినా డైఎలెక్ట్రిక్‌లో (కెపాసిటర్ ప్లేట్ల మధ్య ఉండే ఇన్సులేటర్‌లో) మిగిలిన ఛార్జ్ వల్ల వోల్టేజ్ మళ్లీ లేస్తుంది. పక్కన ఇంకో మనిషి లేకుండా ఈ పని అస్సలు చేయొద్దు.

మిగతాది తేలిక. ల్యాంపును చల్లబరిచే కూలింగ్ పంపు ఆపి నీళ్లు తీసేసి, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని పాత ల్యాంపు బయటికి లాగండి. కొత్తదాని క్వార్ట్జ్‌ను ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్ర వేడికి మాడి అక్కడే పగులు మొదలవుతుంది, పొరపాటున తగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. యానోడ్, కాథోడ్ సరిచూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు, తిరగేసి పెడితే తప్పు ఎలక్ట్రోడ్ అరిగిపోయి కొత్త ల్యాంపు కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది.

నీళ్లు కారకుండా ఆపే ఓ-రింగులు కొత్తవి వేసి, డీఅయనైజ్డ్ (అయాన్లు తీసేసిన) నీళ్లు నింపి, షార్టింగ్ వైరు తీసే ముందే కూలింగ్ పంపును విడిగా నడిపే వీలుంటే పది నిమిషాలు నడిపి, ఎక్కడా కారడం లేదని చూసుకోండి. షార్టింగ్ వైరు తీసి, కవర్ మూశాకే హై వోల్టేజ్ ఇవ్వండి. అదీ పాత వోల్టేజ్ కాదు, బాగా తగ్గించి మొదలుపెట్టాలి. ముసలి ల్యాంపు కోసం పెంచిన వోల్టేజ్‌నే కొత్తదానికి ఇస్తే శక్తి ఎక్కువై అద్దాల కోటింగ్ కాలిపోతుంది. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు కాబట్టి దానికి సరిపడే గాగుల్స్ పెట్టుకుని, పవర్ మీటర్ చూస్తూ కొంచెం కొంచెంగా పెంచండి. ల్యాంపు బీమ్ దారిలో ఉండదు కాబట్టి మామూలుగా అద్దాలు ముట్టుకోవాల్సిన అవసరం రాదు. కౌంటర్ సున్నా చేసి, ఇవాళ్టి వోల్టేజ్, పల్స్ ఎనర్జీ లాగ్‌బుక్‌లో రాసిపెట్టండి.