డిజెబిలిటీ పెన్షన్ తిరస్కరించారా? ఒడిశా సరిహద్దు మాజీ సైనికులకు అప్పీలు దారి

డిజెబిలిటీ పెన్షన్ అంటే సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకో గాయానికో ఇచ్చే పెన్షన్. సైనికుల సర్వీసు కాగితాలు చూసే రికార్డ్ ఆఫీసు పంపే తిరస్కరణ ఉత్తరంలో చాలాసార్లు ఉండేది ఒక్క ముక్కే: జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు. ఆ ఉత్తరంతో పోట్లాడి లాభం లేదు. దాని వెనకున్న మెడికల్ బోర్డు కాగితాన్ని పట్టుకోవాలి.

రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ (రిటైరయ్యేటప్పుడు చేసే వైద్య పరీక్ష నివేదిక, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారం), భర్తీనాటి వైద్య పరీక్ష పత్రం, మిలటరీ ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, పోస్టింగుల జాబితా కావాలని మీ రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేస్తే చాలు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాలేదని అప్పీలు మాత్రం ఆపకండి. మొదటి అప్పీలుకు గడువు 6 నెలలే. మిగతా కాగితాలు తర్వాత ఇస్తామని రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

బోర్డు కాగితం అందాక రెండు విషయాలు వెతకండి. భర్తీనాడు ఆ జబ్బు నమోదైందా? సర్వీసుతో సంబంధం లేదనడానికి బోర్డు కారణం రాసిందా? చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, కాదని రుజువు చేయాల్సింది సైన్యమే, బోర్డు కారణాలు చెప్పి తీరాలి అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘పీస్ స్టేషన్‌లో (సరిహద్దు, యుద్ధ ప్రాంతాలు కాని పోస్టింగులో) మొదలైంది’ అని ఒక్క మాటతో బోర్డు సరిపెట్టిన చోట మీ అప్పీలుకు బలం ఎక్కువ. జబ్బు బయటపడక ముందు ఏ ఫీల్డ్ ఏరియాలో ఎన్నాళ్లున్నారో, మొదట ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లారో తేదీలతో రాయండి. ‘దేశం కోసం కష్టపడ్డాను’ అన్న పేరాలను అప్పీళ్లు చూసే కమిటీ పట్టించుకోదు. ఒక జాగ్రత్త: ఆ తీర్పు 1982 నిబంధనల మీద వచ్చింది. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త నిబంధనలున్నాయి, కాబట్టి ఆ తర్వాత రిటైరైనవారు పాత అప్పీలును చూసి రాసేస్తే నష్టపోతారు.

గొడవ వైకల్యం శాతం గురించైతే అప్పీల్ మెడికల్ బోర్డు పెట్టమని అడగండి. పెన్షన్ వస్తున్నా రౌండింగ్ (వైకల్యం శాతాన్ని పై అంకెకు పెంచి లెక్కించడం) ఇవ్వలేదా? 50 లోపుంటే 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన 100గా లెక్కించాలి. సర్వీసు కాలం పూర్తిచేసి వచ్చినవారికీ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది.

మొదటి అప్పీలు పోతే మరో 6 నెలల్లో రెండో అప్పీలు. అదీ పోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో 2007 చట్టం సెక్షన్ 14 కింద దరఖాస్తు వేయాలి, దానికీ 6 నెలలే. అప్పీలు పెట్టి 6 నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఎదురుచూడనక్కర్లేదు, నేరుగా వెళ్లొచ్చు.

మనవాళ్లు తడబడేది ఇక్కడే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో ఉండేవారికి ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచి. సరిహద్దు దాటితే, అంటే ఇచ్ఛాపురం, పాతపట్నంవాళ్లకు చెన్నై. రిటైరైనవారు తాము మామూలుగా నివసించే చోటును బట్టి వేసుకోవచ్చు. ఇల్లు పర్లాకిమిడిలో, ఆధార్ పాతపట్నంలో ఉంటే మాత్రం ముందే ఒక చిరునామాకు కుదుర్చుకోండి, లేకపోతే ఏ బెంచి అన్న దగ్గరే అభ్యంతరం వస్తుంది. ఇంటిపేరు డిశ్చార్జి బుక్కులో ఒకలా, ఒడిశా కాగితాల్లో ఇంకోలా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచేయండి. ఒడియా, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం ఉండాలి.

గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు వేయొచ్చు. పెన్షన్ నెలనెలా రావాల్సింది కనుక దారి మొత్తం మూసుకుపోదు గానీ, బకాయిలను చాలా కేసుల్లో దరఖాస్తుకు ముందు 3 ఏళ్లకే పరిమితం చేశారు. వకీలు ఫీజు భారమైతే జిల్లా సైనిక్ బోర్డులో అడిగి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వచ్చే బకాయిల్లో వాటా అడిగేవాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.