కొండవాలు మీద పెంకుటిల్లు కట్టాలంటే

నేను పుట్టి పెరిగింది బెజవాడలో, విద్యాధరపురం కొండ మీద. ఇంటికి 110 మెట్లు. అమ్మ కింద పంపు దగ్గర బిందె నింపి చంకనెత్తుకుని ఎక్కేది. ఇప్పుడు ఎవరైనా ఇల్లు కట్టించమని నా దగ్గరికొచ్చి "కొండ మీద మండువా లోగిలి కావాలండీ, చూడ్డానికి మాత్రం కొత్తగా ఉండాలి" అంటే నాకు ముందు ఆ మెట్లే గుర్తొస్తాయి. ఇటుక, ఇసుక మోత కూలి లెక్కెయ్యకుండా ఎస్టిమేటు వెయ్యకండి.

ప్లాను గీసేముందు, జోరువానలో గొడుగేసుకుని స్థలానికి వెళ్లండి. పైనుంచి నీళ్లు ఏ దారిన దిగుతున్నాయో చూసి, వాన వెలిశాక సున్నంతో గుర్తు పెట్టుకోండి. ఆ దారికి ఇల్లు అడ్డం రాకూడదు. మన బెజవాడ కొండల్లో ఖొండలైటు రాయి ఎక్కువ. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కుళ్లినచోట ఎర్రమట్టిలా చేతిలో నలుగుతుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలే పోయాయి. మీ స్థలం పైన వేలాడే బండలుంటే వదిలేసుకోండి, ఎంత చవకైనా సరే.

తర్వాత మేస్త్రీ దగ్గరుండే లెవెల్ ట్యూబుతో, అంటే నీళ్లు నింపిన సన్న గొట్టంతో, వాలు కొలవండి. 30 అడుగుల పొడవుకు 10 అడుగులు దిగిందనుకోండి. ఒకే మట్టానికి తవ్వితే వెనక పదడుగుల నిలువు గోడ తేలుతుంది. అదే రెండు మెట్లుగా తవ్వితే ఒక్కోచోట అయిదడుగులే. పై మెట్టు మీద వంటిల్లు, దేవుడి గది; కింది మెట్టు మీద హాలు; మధ్యలో ఆరంగుళాల మెట్లు పది. సగం తవ్విన నేల మీద, సగం పోసిన మట్టి మీద పునాది వేస్తే మాత్రం ఇల్లు ఆ అతుకు దగ్గరే చీలుతుంది.

మండువా, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచే చోటు, నాలుగు వైపులా మూసెయ్యకండి. చూరు నీళ్లన్నీ ఇంటి నడుమ పడతాయి. పల్లం వైపు తెరిచి మూడు వైపులే ఉంచితే నీళ్లు వాటంతటవే పోతాయి, సాయంత్రం గాలీ వస్తుంది.

రిటైనింగ్ గోడ, అంటే వెనక మట్టి జారకుండా ఆపే గోడ, తవ్విన రాయితోనే కట్టించండి, డిజైను మాత్రం ఇంజనీరుదే ఉండాలి. అయిదడుగులకొకటి చొప్పున మూడంగుళాల పైపు ముక్కలు నీళ్లు పోవడానికి బయటికి వాలుగా పెట్టించి, వెనక కంకర నింపించండి. నా మొదటి సైటులో ప్లాస్టరింగ్ వాళ్లు నున్నగా కనబడాలని ఆ కన్నాలు పూడ్చేశారు. నేను చూసుకోలేదు. రెండు వానలకే గోడకు పొట్ట వచ్చింది. కూల్చి మళ్లీ కట్టించా, నా డబ్బుతో.

పెంకులు వాసాల మీద ఊరికే పేర్చకండి. ఏటవాలు స్లాబు పోసి, దానిమీద సిమెంటుతో అతికించండి. కొండ మీద కోతులుంటాయి.