పెంపుడు కుక్క కన్నుమూస్తే పూడ్చాలా, దహనం చేయాలా? ఎలా తేల్చుకోవాలి?

పన్నెండు పదమూడేళ్లు ఇంట్లో తిరిగిన కుక్క పోయినరోజు ఎవరి బుర్రా పనిచేయదు. ఆ ఏడుపులో ఎవరో ఒకరు మున్సిపాలిటీ బండికి ఫోన్ చేస్తారు. బండి వచ్చి తీసుకెళ్లిపోతుంది. ఎక్కడ పడేశారో, ఏం చేశారో అన్న బెంగ మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే కుక్క ముసలిదయ్యాకో, డాక్టరు "ఇక మందులు పనిచేయవు" అన్నాకో ఇంటిల్లిపాదీ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. "బతికుండగా ఆ మాటలేంటి" అని పెద్దవాళ్లు కసురుకుంటారు. గొయ్యి తవ్వి పెట్టమనడం లేదు, చోటు అనుకొని ఉంచుకుందామంటున్నాం అని నెమ్మదిగా చెప్పండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఊరికి పంపించేశామని అబద్ధం చెబితే వాళ్లు రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తారు.

1. ముందు నేల సంగతి చూడండి

సొంత స్థలం ఉన్నవాళ్లకు పూడ్చిపెట్టడమే మనసుకు నచ్చుతుంది. నాకూ అదే ఇష్టం. కానీ ఇక్కడ మన ఇష్టం కంటే నేల మాటే చెల్లుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల రెండడుగులు తవ్వేసరికి మొరం, దాని కింద రాయి తగులుతుంది. గడ్డపారతో అయ్యే పని కాదు. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో వానాకాలం కొద్ది లోతుకే నీరు ఊరుతుంది. అలాంటి గోతిలో పూడిస్తే ఆ మురికి భూగర్భజలంలో కలుస్తుంది, పక్కనున్న బావికీ బోరుకీ ముప్పు. కాబట్టి మీ స్థలంలో ఏ కాలంలో ఎంత లోతు తవ్వగలరో తెలిసినవాళ్లను ముందే అడగండి. బావికీ, బోరుకీ, చెరువుకీ వీలైనంత దూరంగా, కాస్త మెరకగా ఉన్న చోటు చూసుకోండి.

అద్దె ఇల్లయితే ఇంటి యజమానిని అడక్కుండా పూడ్చకండి. ఆయన సరేనన్నా ఇంకో మాట ఆలోచించాలి. రేపు అక్కడ పిల్లర్లకు గుంతలు తీస్తే ఆ ఎముకలు ఎవరి కంటో పడతాయి. మీరు ఖాళీ చేసి వెళ్లాక ఆ చోటికి మళ్లీ రాలేరు కూడా. అపార్ట్‌మెంట్ పార్కులో, రోడ్డు పక్కన, చెరువు గట్టున గుట్టుగా పూడ్చడం వద్దు. కాలువలో వదలడం అసలే వద్దు.

సొంతూళ్లో పొలం ఉంటే బాగుంటుంది గానీ, మే నెల ఎండలో అయిదారు గంటల ప్రయాణం ఆ శరీరానికి మంచిది కాదు. తెల్లవారుజామున బయల్దేరే వీలుంటేనే, ఐస్ పెట్టుకొని వెళ్లండి.

2. నేల కుదరకపోతే దహనం

హైదరాబాద్‌లో నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. వేరే నగరాల్లో ఉంటే కార్పొరేషన్ వెటర్నరీ విభాగాన్నో, మీ కుక్కను చూసే డాక్టరునో వాకబు చేయండి. ప్రైవేటువాళ్ల దగ్గరికి వెళ్లేటట్టయితే ముందుగా ఒక ప్రశ్న సూటిగా అడగండి: మా కుక్కను విడిగా దహనం చేస్తారా, మిగతా వాటితో కలిపా? కలిపి చేస్తే బూడిద మీ కుక్కదే అని ఎవరూ చెప్పలేరు. బూడిద అక్కర్లేదనుకుంటే అలా చేయించడంలో తప్పేమీ లేదు, ఖర్చు కూడా తగ్గుతుంది. దగ్గరుండి చూడనిస్తారా, రాత్రిపూట తీసుకుంటారా, బండి పంపుతారా, డాక్టరు చీటీ కావాలా, బరువును బట్టి ఎంత తీసుకుంటారు అన్నవి ఇంట్లో అందరికీ కనిపించేలా ఒక కాగితం మీద రాసి ఉంచండి.

3. ప్రాణం పోయిన వెంటనే

ఈ కాస్త సమయమే అన్నిటికంటే ముఖ్యం. ఊపిరి ఆగాక కూడా ఒకటి రెండుసార్లు నోరు తెరిచి గాలి పీల్చినట్టు కనిపించవచ్చు, కాళ్ల కండరాలు అదరవచ్చు. బతికే ఉందేమోనని గుండె ఝల్లుమంటుంది. అనుమానముంటే డాక్టరు చేత స్టెతస్కోప్ పెట్టించి చూడండి. కళ్లు చాలాసార్లు తెరిచే ఉంటాయి, మూసినా మూతపడవు. అది బాధపడుతూ పోయిందని కాదు.

కొద్ది గంటల్లోనే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆలోపే కాళ్లను పొట్ట దగ్గరికి మడిచి, తోకను చుట్టి, అది పడుకునే తీరులోనే పక్కకు పడుకోబెట్టండి. మలమూత్రాలు బయటికి వస్తాయి కాబట్టి నడుము కింద పాత తువ్వాలు మడతలుగా వేయండి. చేతులకు గ్లవ్స్ వేసుకొని, తడిగుడ్డతో నోరూ వెనకభాగమూ తుడవండి. బెల్టు తీసి దాచుకోండి. అది పడుకున్న నూలు దుప్పటే చుట్టండి. ప్లాస్టిక్ కవరు గానీ, రెగ్జిన్ గానీ వద్దు. వాటిలో చుడితే మట్టిలో శరీరం ఏళ్ల తరబడి కరగదు, దహనవాటికలోనూ వాటిని తీసేయమంటారు. ఏసీ గదిలోనో, నీడలో గచ్చు మీదనో ఉంచి, పొట్టకూ మెడకూ ఐస్ ప్యాకులు ఆనించండి. ఎండాకాలం ఆ పూటే పని పూర్తి కావాలి.

ఇంట్లో ఇంకో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే, పోయింది అంటురోగంతో కాకపోతే, దాన్నీ దగ్గరికి రానివ్వండి. కాసేపు వాసన చూసి వెళ్లిపోతుంది. చూడనిస్తే కొన్ని తర్వాత ఇల్లంతా వెతుక్కోవడం తగ్గిస్తాయి.

4. గొయ్యి

శరీరం మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి. అంటే పెద్ద కుక్కకు నాలుగడుగులకు పైనే తవ్వాలి. సున్నం పోస్తే త్వరగా కరిగిపోతుందనేది అపోహ. నిజానికి సున్నం కుళ్లడాన్ని ఆలస్యం చేస్తుంది. వట్టి మట్టి చాలు. పసుపు, పూలు, కర్పూరం, దువా, ప్రార్థన మీ ఇంటి పద్ధతి ఏదైతే అది చేయండి. "కుక్కకు ఇదంతా ఎందుకు" అనేవాళ్లకు ఆ రోజు జవాబు చెప్పాల్సిన పనిలేదు. కర్ణాటకలోని మాండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949 నాటి శాసనం ఒకటి, అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క కోసం వేయించినది. పెంచినవాళ్లు కుక్కకు రాయి నిలపడం ఈ దక్కన్‌లో అంత పాతది.

మట్టి కప్పాక పైన బరువైన బండలు పరవండి, వీధికుక్కలు తోడకుండా. డాక్టరు ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చి ఉంటే ఈ జాగ్రత్త తప్పనిసరి. ఇందుకు వాడే పెంటోబార్బిటాల్ లాంటి మందు కళేబరంలో చాలాకాలం ఉంటుంది, తవ్వి తిన్న కుక్కో గద్దో చచ్చిపోవచ్చు. ఏ మందు ఇచ్చారో డాక్టరును అడగండి. లోతుగా తవ్వే వీలు లేకపోతే ఇక దహనమే మేలు.

5. బూడిదను ఏం చేయాలి

తులసికోటలోనో, కొత్తగా నాటిన మొక్క మొదట్లోనో మొత్తం పోసేస్తే మొక్క మాడిపోతుంది. ఆ బూడిదలో ఉప్పూ క్షారమూ ఎక్కువ. గుప్పెడు తీసుకొని, బోలెడంత మట్టీ పశువుల ఎరువూ కలిపి, బాగా ఎదిగిన చెట్టు చుట్టూ, మొదలుకు కాస్త దూరంగా చల్లండి. మిగతాది గట్టి మూత ఉన్న డబ్బాలో దాచుకోవచ్చు. ఏం చేయాలో ఆ వారంలోనే తేల్చుకోవాలన్న తొందరేం లేదు.

రోగంతో పోయినప్పుడు

రేబీస్ అనుమానముంటే, అంటే చొంగ కారుస్తూ, మింగలేక, కనబడినవాటినల్లా కరుస్తూ చనిపోతే, ముట్టుకోకండి. ముద్దు చేసి సాగనంపాలని ఎంత అనిపించినా వద్దు. ప్రభుత్వ పశువైద్యుడికి చెప్పండి, తల నుంచి నమూనా తీసి పరీక్షించాల్సి రావచ్చు. చొంగ తగిలినా, గీరుకున్నా, కరిచినా ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కొని, అదేరోజు ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో అనే వైరస్ జబ్బుతో కుక్కపిల్ల పోతే ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుంది. ఫినాయిల్‌కు చావదు. గచ్చునూ గిన్నెలనూ ముందు సబ్బుతో కడిగి, బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి. పరుపూ గుడ్డలూ కాల్చేయండి. టీకాలన్నీ పూర్తికాని కుక్కపిల్లను ఆ ఇంటికి తేవద్దు.