నమూనా గూడ్సు వ్యాగన్లకు కొత్త ట్రక్కులు, చక్రాలు: ఎంచుకునే పద్ధతి, అమర్చే పద్ధతి

నమూనా రైల్వేలో ఒక గూడ్సు వ్యాగన్ మాటిమాటికీ పట్టాలు తప్పుతున్నా, చేత్తో నెమ్మదిగా తోసినప్పుడు దొర్లకుండా ఆగిపోతున్నా, లోపం చాలావరకు దాని ట్రక్కుల్లోనో చక్రాల్లోనో ఉంటుంది. ట్రక్కు అంటే వ్యాగన్ రెండు కొసల కిందా ఒక్కో స్క్రూతో బిగించి ఉండే, ఆ స్క్రూ చుట్టూ అటూ ఇటూ తిరిగే, రెండు ఇరుసుల చట్రం. ట్రక్కులూ చక్రాలూ మార్కెట్లో విడివిడిగా దొరుకుతాయి, వాటిని మార్చడానికి ప్రత్యేక నైపుణ్యం అక్కరలేదు. కష్టమంతా సరైనవి ఎంచుకోవడంలోనే ఉంది. ప్యాకెట్ మీద పెద్దగా ముద్రించే 33 అంగుళాలు, 36 అంగుళాలు అనే అంకె నిజమైన రైల్లో ఆ చక్రానికుండే వ్యాసాన్ని మాత్రమే చెబుతుంది. ఆ చక్రం మీ ట్రక్కులో స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో తేల్చేది ఇరుసు పొడవు. కొనుగోలుదారులు తరచుగా వదిలేసేదీ ఆ కొలతనే.

కింది కొలతలు ప్రధానంగా అమెరికన్ వ్యాగన్లను అనుసరించే హెచ్‌ఓ స్కేలుకు, అంటే 1:87 నిష్పత్తికి, 16.5 మిల్లీమీటర్ల గేజ్‌కు (రెండు పట్టాల మధ్య దూరానికి) సంబంధించినవి. 1:160 నిష్పత్తి, 9 మిల్లీమీటర్ల గేజ్ ఉన్న ఎన్ స్కేలులో అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే.

మొదట చక్రాలు మార్చితే చాలునా, ట్రక్కు మొత్తం మార్చాలా అన్నది నిర్ణయించుకోవాలి. పక్క చట్రం విరిగినా, వంకర తిరిగినా, ఆ ట్రక్కు వ్యాగన్ కాలానికి తగనిదైనా, పాత బొమ్మ రైళ్లలో మాదిరిగా వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లర్ ట్రక్కుకే అతికి ఉన్నా మొత్తం మార్చడమే మంచిది. కప్లర్ ట్రక్కుకు ఉన్న వ్యాగన్లను వరుసగా వెనక్కి నెట్టినప్పుడు ఆ తోపు ట్రక్కును పక్కకు తిప్పుతుంది, అందువల్ల అవి వెనక్కి నడిపేటప్పుడే ఎక్కువగా పట్టాలు తప్పుతాయి. ఈ లోపాలేవీ లేకపోతే ప్లాస్టిక్ చక్రాల స్థానంలో మంచి లోహపు చక్రాలు వేయడంతోనే సమస్య తీరుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఈ నిర్ణయానికి ముందు వ్యాగన్ బరువు కూడా చూడటం అవసరం. హెచ్‌ఓ వ్యాగన్‌కు మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు చొప్పున బరువుండాలని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు చేస్తుంది. ఎంత మంచి చక్రాలు వేసినా మరీ తేలికైన వ్యాగన్ కుదురుగా నడవదు.

ఇరుసు పొడవు గురించి వివరంగా చెప్పవలసి ఉంది. ఇరుసు రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. పక్క చట్రాల లోపలివైపు ఆ మొనలు కూర్చునే శంఖాకారపు గుంటలుంటాయి. మొన కొస మాత్రమే గుంట అడుగును తాకుతున్నప్పుడు రాపిడి అతి తక్కువగా ఉండి చక్రం తేలికగా తిరుగుతుంది. ఇరుసు కొంచెం పొడవైతే అది రెండు చట్రాలనూ బయటికి నెట్టి, వాటి మధ్య నొక్కుకుపోయి, తిరగడం మానేస్తుంది. పొట్టిదైతే మొన గుంట అడుగును అందుకోక ఏటవాలు గోడ మీదికి జారుతుంది, దానితో వ్యాగన్ కిందికి దిగుతుంది, పక్కలకు ఊగుతుంది, ఇరుసు పట్టాలకు అడ్డంగా నిలవకుండా ఏటవాలుగా తిరుగుతుంది. హెచ్‌ఓ ఇరుసులు చాలావరకు 25, 26 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, యూరప్ తయారీలో అంతకంటే పొట్టివీ కనిపిస్తాయి. ఒక తయారీదారు ఇరుసుకూ మరొకరి ఇరుసుకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా ఫలితం మారిపోతుంది.

అందుచేత ఏది కొనాలన్నా ముందు పాత ఇరుసును బయటికి తీసి, మొన నుంచి మొన వరకు వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మొనలు అరగకుండా, వంగకుండా ఉండేందుకు కాలిపర్ దవడలను సుతారంగా ఆనించాలి. కొత్త చక్రాల జత అదే పొడవులో ఉంటే సరే. తయారీదారు ఆ వివరం ప్రకటించకపోతే ఒకే ఒక చిన్న ప్యాకెట్ తెచ్చి ముందుగా పరీక్షించడం మేలు. పరీక్ష చాలా సులువు. జతను ట్రక్కులో కూర్చోబెట్టి, ఇరుసును వేళ్లతో పక్కలకు కదిలిస్తే అతి స్వల్పమైన కదలిక తెలియాలి, చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే అది వెంటనే ఆగకుండా కాసేపు తిరిగి, నిదానంగా ఆగాలి. కదలిక అసలు లేకపోతే ఇరుసు పొడవైనట్టు. గుంటలో ప్లాస్టిక్ పోగులు మిగిలి ఉండటం వల్ల బిగువుగా ఉంటే, ఇరుసు మొన ఆకారంలోనే కోత అంచులుండే ట్రక్కు ట్యూనర్ అనే చిన్న పనిముట్టును గుంటల మధ్య పెట్టి రెండు మూడు చుట్లు తిప్పితే గుంట నునుపవుతుంది. అంతకు మించి తిప్పితే గుంట లోతెక్కి, సరిపోయే ఇరుసు కూడా పొట్టిదైపోతుంది.

వ్యాసం విషయానికి వస్తే, నిజమైన అమెరికన్ రైల్వేల్లో 50 టన్నుల, 70 టన్నుల వ్యాగన్లకు 33 అంగుళాల చక్రాలు, 100 టన్నుల వ్యాగన్లకు 36 అంగుళాల చక్రాలు సాధారణం. 125 టన్నుల ట్రక్కులకు 38 అంగుళాలవి వాడతారు. కార్లను రవాణా చేసే ఎత్తైన వ్యాగన్లకు 28 అంగుళాల చిన్న చక్రాలు ఉంటాయి. హెచ్‌ఓలో 33 అంగుళాలంటే 9.6 మిల్లీమీటర్లు, 36 అంగుళాలంటే 10.5 మిల్లీమీటర్లు. ఒకదాని బదులు మరొకటి వేస్తే వ్యాగన్ సుమారు 0.44 మిల్లీమీటరు పైకో కిందికో కదులుతుంది, కప్లర్ ఎత్తు అంత మేరా తప్పుతుంది. హెచ్‌ఓలో కప్లర్ మధ్య బిందువు పట్టా పైభాగం నుంచి సుమారు 9.9 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. వ్యాగన్ కిందికి దిగితే ట్రక్కుకూ వ్యాగన్‌కూ మధ్య 0.010 లేదా 0.015 అంగుళాల మందం గల ఫైబర్ వాషర్ వేసి సరిచేయవచ్చు. పైకి లేచినప్పుడు ట్రక్కు ఆనే అడ్డదూలమైన బోల్స్టర్‌ను అరగదీయవలసి వస్తుంది, అది వెనక్కి తీసుకోలేని పని కాబట్టి వ్యాసం ముందే సరిచూసుకోవడం ఉత్తమం.

చక్రం మందం సంగతి కూడా ప్యాకెట్ మీద ఉంటుంది. కోడ్ 110 అంటే 0.110 అంగుళం, అంటే 2.8 మిల్లీమీటర్లు. కోడ్ 88 అంటే 2.2 మిల్లీమీటర్లు. సన్నని కోడ్ 88 చక్రాలు చూడటానికి నిజమైనవాటికి దగ్గరగా ఉంటాయి గాని, పాతవీ నాసిరకమైనవీ అయిన పాయింట్లలో (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల అమరికల్లో) పట్టాలు ఖండించుకునే చోట సందు వెడల్పుగా ఉంటే అవి అందులోకి దిగి ఎగిరిపడతాయి. పాయింట్లు మేలైనవని నమ్మకం ఉంటే తప్ప కోడ్ 110నే వాడమని నా సలహా. వ్యాగన్‌ను పక్క నుంచి చూసినప్పుడు ఈ తేడా దాదాపు కనిపించదు.

నమూనా రైలుకు విద్యుత్తు పట్టాల ద్వారానే అందుతుంది కాబట్టి, ప్రతి ఇరుసు మీది రెండు లోహపు చక్రాల్లో కనీసం ఒకటి ఆ ఇరుసు నుంచి విద్యుత్తు పారకుండా వేరుచేసి ఉండాలి. ప్లాస్టిక్ ఇరుసు ఉన్న జతలతో, రెండు చక్రాలూ వేరుచేసిన జతలతో ఏ చింతా లేదు. ఒక్క వైపే వేరుచేసిన జతలను లోహపు ట్రక్కులో వేసేటప్పుడు మాత్రం, ఆ వైపులన్నీ ఒకే దిశకు ఉండేలా చూడాలి. ఒకటి తిరగబడినా ట్రక్కు చట్రం గుండానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ట్రక్కు రకాన్ని కాలమే నిర్ణయిస్తుంది. పలుచని ఇనుప పట్టీలను బోల్టులతో బిగించిన ఆర్చ్‌బార్ ట్రక్కులు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వ్యాగన్లకు తగినవి. ఒక రైల్వే నుంచి మరో రైల్వేకు వెళ్లే వ్యాగన్లపై వాటిని 1940ల ఆరంభానికల్లా నిషేధించారు. అచ్చుపోసిన ఉక్కు చట్రంతో, ఇరుసు కొసల వద్ద మూతపెట్టెలతో ఉండే బెటెన్‌డార్ఫ్ తరహా ట్రక్కులు ఆ తర్వాతి ఆవిరి, డీజిల్ సంధికాలానికి సరిపోతాయి. మూతపెట్టెలు లేని రోలర్ బేరింగ్ ట్రక్కులు 1960ల నుంచి సాధారణమయ్యాయి.

దొరికే వస్తువుల సంగతి చూస్తే, హెచ్‌ఓలో కేడీ, ఆక్యురెయిల్, టిచీ, వాల్తర్స్, ఎథర్న్, అట్లాస్, ఇంటర్‌మౌంటెన్ వంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఎన్ స్కేలులో ట్రక్కులకు మైక్రో-ట్రెయిన్స్ ప్రసిద్ధి. ట్రక్కులు సాధారణంగా ఒక వ్యాగన్‌కు సరిపడే జతగా అమ్ముతారు, చక్రాల జతలు 12 చొప్పున వచ్చే ప్యాకెట్ మూడు వ్యాగన్లకు సరిపోతుంది. ఈ వస్తువులను విడతలుగా తయారు చేస్తారు గనుక ఒక విడత అమ్ముడైతే తిరిగి ఎప్పుడు వస్తుందో చెప్పడం కష్టం. మీ వద్ద ఒకే రకం ట్రక్కులు పది వ్యాగన్లకు ఉంటే, ఒక ప్యాకెట్ పరీక్షించి సరిపోయిందని తేలిన వెంటనే మిగిలినవి కూడా తెచ్చుకోండి. కావలసిన ట్రక్కు అసలే దొరకనప్పుడు, ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉన్న అదే కాలపు మరో ట్రక్కును వెతకాలి. 50 టన్నుల ట్రక్కులో ఆ దూరం 5 అడుగుల 6 అంగుళాలు, 100 టన్నుల దానిలో 5 అడుగుల 10 అంగుళాలు. హెచ్‌ఓలో అవి వరుసగా 19.2, 20.4 మిల్లీమీటర్లు.

అమర్చేటప్పుడు ముందుగా ప్రతి చక్రాల జతనూ నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వారి గేజ్ పలకతో సరిచూడండి. చక్రాల మధ్య దూరం తప్పితే రెండు చక్రాలనూ పట్టుకుని మెలితిప్పుతూ లాగితే గాని, నెడితే గాని సర్దుకుంటుంది. స్క్రూ చాలావరకు 2-56 అనే అమెరికన్ కొలతది. పాత వ్యాగన్‌లో ప్లాస్టిక్ మేకు ఉంటే ఆ రంధ్రాన్ని ప్లాస్టిక్ కడ్డీ ముక్కతో పూడ్చి, జిగురు పూర్తిగా ఆరిన తర్వాత 1.8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అందులో 2-56 మర కోసుకోవాలి. ఒక కొసన ట్రక్కు పక్కలకు ఊగకుండా, స్క్రూ చుట్టూ మాత్రం స్వేచ్ఛగా తిరిగేంత బిగువుతో స్క్రూ బిగించండి. రెండో కొసన అర చుట్టు వదులుగా ఉంచండి. అప్పుడు హెచ్చుతగ్గులున్న పట్టాలమీద కూడా ఎనిమిది చక్రాలూ పట్టాలకు ఆనుతూ నడుస్తాయి.

రంగు వేయాలనుకుంటే చక్రం ముఖానికీ పక్క చట్రానికీ మాత్రమే వేయండి. డెల్రిన్ అనే నున్నని ప్లాస్టిక్‌తో చేసిన చట్రాల మీద రంగు సులువుగా నిలవదు కాబట్టి సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, పలుచని పూతలుగా వేయాలి. ఇరుసు మొనలకు, గుంటలకు, పట్టాను తాకే అంచుకు రంగు అంటితే వ్యాగన్‌ను నడిపే ముందే తుడిచేయాలి.