సింగిల్ యాక్షన్ నకలు రివాల్వరు: ఏ చప్పుడు తప్పితే ఏది అరిగినట్టు?

టెక్సస్‌లో ఉంటూ నెలకో ఆదివారం పాతకాలపు తుపాకులతో గురి కొట్టే కౌబాయ్ పోటీలకు వెళ్లే నాలాంటివాడిని తెలుగు మిత్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నకలు తుపాకీ కదా, ఎన్నాళ్లు మన్నుతుంది?" అమెరికా సైన్యం 1873లో తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరుకు (సింగిల్ యాక్షన్ అంటే పేల్చే ముందు ప్రతిసారీ హ్యామర్‌ను, అంటే వెనకనుండే సుత్తిని, చేత్తో లాగాల్సిందే), అంతకు ముందరి 1851, 1860 నమూనాలకు నకళ్లు ఇప్పుడు ఎక్కువగా ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో తయారవుతాయి. ఉబెర్తి, పియెట్టా అందులో బాగా తెలిసిన పేర్లు. ఉబెర్తి పుట్టిందే 1959లో, అంటే నకలు చేయడంలోనే వాళ్లకు అరవై ఏళ్లు దాటిన అనుభవం ఉంది. వాళ్లు వాడే ఉక్కు పందొమ్మిదో శతాబ్దపు లోహం కంటే మేలైనది. ఉక్కు ఫ్రేము, బ్యారెల్ మీ మనవల దాకా ఉంటాయి. పోయేవి ఎక్కువగా లోపలి చిన్న ముక్కలే. అసలు కోల్ట్‌లోనూ అవే పోయేవి. నకలు రాసినవారు అసలులోని బలహీనతను కూడా దించేశారు, అంతే.

ఏ పరీక్షకైనా ముందు తుపాకీ ఖాళీ చేయండి. హ్యామర్‌ను సగానికి లాగి, పక్క తలుపు తీసి, గుండ్లు కూర్చునే సిలిండరులోని ఆరు గదులూ ఒక్కొక్కటి తిప్పి కళ్లతో చూడండి. ఖాళీ అని గుర్తున్నా సరే, మళ్లీ చూడండి.

తర్వాత చెవి పెట్టండి. 1873 నమూనాలో హ్యామర్‌ను మెల్లగా లాగితే నాలుగు చప్పుళ్లు వస్తాయి. మొదటిది భద్రతా గాడి, రెండోది సగం లాగుడు, మూడోది సిలిండరును నిలిపే ముక్క పైకి ఎగరడం, నాలుగోది పూర్తి లాగుడు. ఆ నిలిపే ముక్కను ఇంగ్లీషువారు బోల్టు అంటారు. మనకు బోల్టు అంటే నట్టుకు జోడీ కాబట్టి, అది చేసే పనిని బట్టి ఇక్కడ గొళ్ళెం అంటాను. 1851, 1860 లాంటి పాత కాలపు క్యాపుల రివాల్వర్లలో (తూటా బదులు మందు, గుండు విడిగా నింపి, నిప్పుకు రాగి క్యాపు తొడిగేవి) చప్పుళ్లు తక్కువ. తుపాకీ కొత్తగా ఉన్నప్పుడే దాని చప్పుళ్లు విని గుర్తుపెట్టుకోండి. ఆ లెక్క మారిందంటే లోపల ఏదో పోయింది.

ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు

హ్యామర్ లాగినా సిలిండరు కదలదు. ఇంకోసారి బాగానే తిరుగుతుంది. బ్యారెల్‌ను నేలవైపు వంచి లాగండి, తర్వాత ఆకాశం వైపు ఎత్తి లాగండి. కిందికి వంచినప్పుడు తిరిగి, పైకి ఎత్తినప్పుడు మొరాయిస్తే రోగం తెలిసిపోయినట్టే. సిలిండరు వెనక పళ్లను నెట్టే పుల్లను హ్యాండ్ అంటారు. దాన్ని ముందుకు నొక్కే సన్నని రేకు స్ప్రింగు విరిగింది. ఇప్పుడు ఆ పుల్ల తన బరువు మీదే ఆధారపడి ముందుకో వెనక్కో పడుతోంది.

నాకు ఇది పోటీ మధ్యలో, అయిదు గుండ్లలో రెండు మిగిలి ఉండగా జరిగింది. పరిష్కారాలు రెండు. ఒకటి, స్ప్రింగు బిగించి వచ్చే కొత్త పుల్ల కొనడం. అది కూడా రేకే కాబట్టి ఏదో ఒక రోజు అదీ విరుగుతుంది. రెండోది, ఫ్రేములో చిన్న రంధ్రం తొలిచి, చుట్టల స్ప్రింగుతో ఒక ముల్లు అమర్చడం. రూగర్ అనే తుపాకీ కంపెనీ 1953లో సింగిల్ సిక్స్ రివాల్వరు తెచ్చినప్పుడు రేకులు తీసేసి చుట్టల స్ప్రింగులు పెట్టింది ఈ బాధ తప్పించడానికే. రంధ్రం మాత్రం తుపాకీ పనివారి చేత వేయించండి. ఇంటి డ్రిల్లు పక్కకు జారితే పోయేది ఫ్రేమే.

సిలిండరు అసలు నిలవదు, లేదా అసలు కదలదు

ఈ రెండూ చూడటానికి ఎదురెదురుగా ఉన్నా పుట్టేది ఒక్క చోటే. హ్యామర్ మీద చిన్న బుడిపె ఉంటుంది. అది గొళ్ళెం వెనక కాలును ఎత్తుతుంది, దాంతో గొళ్ళెం తల కిందికి దిగి సిలిండరు తిరుగుతుంది. తర్వాత కాలు బుడిపె మీద నుంచి జారిపోతుంది, స్ప్రింగు గొళ్ళేన్ని పైకి విసురుతుంది. మూడో చప్పుడు అదే.

స్ప్రింగు విరిగితే గొళ్ళెం కిందే పడి ఉంటుంది. సిలిండరు గాలిపటం చరఖాలా తిరుగుతుంది, మూడో చప్పుడు వినిపించదు. గొళ్ళెం కాలు విరిగినా అరిగినా గొళ్ళేన్ని దించేవాడు లేడు. సిలిండరు బిగుసుకుపోతుంది, హ్యామర్ కూడా మధ్యలో ఆగిపోతుంది. ఆ దశలో బలవంతంగా లాగితే ఒక ముక్క ఖర్చు మూడు ముక్కల ఖర్చు అవుతుంది.

ఆ స్ప్రింగు రెండు కాళ్ల రేకు. ఒక కాలు గొళ్ళేనికి, ఇంకోటి ట్రిగ్గర్‌కు. ట్రిగ్గర్ కూడా వదులుగా ఊగుతుంటే రేకు మొత్తం పోయింది. ట్రిగ్గర్ బిగువుగా ఉండి గొళ్ళెం మాత్రమే లేవకపోతే ఒక కాలే విరిగింది. లారీ కమాన్ పట్టీలు ఎందుకు విరుగుతాయో ఇదీ అందుకే విరుగుతుంది. ఒకే చోట వేలసార్లు వంగుతుంది, అక్కడ ఒక గీత ఉంటే పగులు అక్కడ మొదలవుతుంది. దీని బదులు ఉక్కు తీగను వంచి చేసిన స్ప్రింగు దొరుకుతుంది. ఎక్కువ కాలం వస్తుంది, ట్రిగ్గర్ కూడా తేలికవుతుంది. గొళ్ళెం మారిస్తే అలా కాదు. పెట్టె విప్పి బిగించేస్తే కుదిరే ముక్క కాదది. తలనూ కాలునూ నూరుడు రాయి మీద కొంచెం కొంచెం సరిచేస్తూ, మధ్యమధ్య బిగించి చూస్తూ పోవాలి. నాకు మొదటిసారి రెండు సాయంత్రాలు పట్టింది, అదీ ఒక గొళ్ళేన్ని పాడుచేశాక.

సిలిండరు చుట్టూ గీత, చెదిరిన గాడులు

ఇది తుపాకీ తప్పు కాదు, చేతి తప్పు. సగం లాగి గుండ్లు పెట్టాక చాలామంది హ్యామర్‌ను అక్కడి నుంచే దించేస్తారు. అప్పుడు గొళ్ళెం గాడిలో కాక సిలిండరు నునుపు మీద దిగుతుంది, తర్వాత తిరిగిన ప్రతిసారీ గీస్తూ పోతుంది. నియమం చిన్నదే: సగం నుంచి ఎప్పుడూ దించకండి. పూర్తిగా లాగి, గొళ్ళెం గాడిలో పడ్డాక, మెల్లగా దించండి.

గాడుల అంచులు నలిగి పొంగితే కారణం వేగం. సిలిండరు జోరుగా వచ్చి గొళ్ళేనికి గుద్దుకుంటుంది. సినిమాల్లో అరచేత్తో హ్యామర్‌ను టపటపా కొట్టే విద్యకు ఇదే ఫలితం. పోటీల్లో వేగం కావాలి, ఒప్పుకుంటాను. కానీ బొటనవేలితో ఒకే తీరున లాగడం వేరు, బాదడం వేరు. పొంగిన అంచును సన్నరాయితో మెల్లగా దించవచ్చు. సిలిండరు గాడి దాటి దూకుతుంటే గాడికి సరిపడా వెడల్పున్న కొత్త గొళ్ళెం అమర్చాలి. గాడిని ఆకురాయితో లోతు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాయింట్ 45 (అంగుళాల్లో గుండు వ్యాసం) సిలిండరులో ఆ గాడి సరిగ్గా గుండు గది మీదే ఉంటుంది. అక్కడ లోహం ముందే పలచన.

ఇత్తడి ఫ్రేములో పెరిగే సందు

కొత్తవాళ్లు పడే గుంత ఇదే. నేనూ పడ్డాను. మెరుస్తుంది, చవక. బ్యారెల్‌కు, సిలిండరుకు మధ్య మొదట సన్నని సందు ఉంటుంది. సుమారు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల దాకా పరవాలేదు. కొన్నాళ్లకు సిలిండరు ముందుకూ వెనక్కూ ఆడుతుంది, సందు పెరుగుతుంది. విప్పి చూస్తే ఫ్రేము వెనక గోడ మీద సిలిండరు అచ్చు గుండ్రంగా పడి ఉంటుంది. ప్రతి పేలుడుకూ ఉక్కు సిలిండరు వెనక్కు తన్నుతుంటే మెత్తని ఇత్తడి ఏం చేస్తుంది?

ఇత్తడి ఫ్రేముకు చరిత్రలో ఆధారం ఉంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉక్కు కరువై, జార్జియా రాష్ట్రపు గ్రిస్‌వాల్డ్‌విల్‌లో గ్రిస్‌వాల్డ్ అండ్ గన్నిసన్ వారు 1862 నుంచి 1864లో యూనియన్ సైన్యం ఫ్యాక్టరీ తగలబెట్టేదాకా అలాంటివి చేశారు. కానీ అవి పాయింట్ 36వి. ఇప్పుడు అంగళ్లలో కనిపించే పాయింట్ 44 ఇత్తడి నేవీ (1851 నమూనా పేరే నేవీ) ఆ కాలంలో లేనేలేదు. పెద్ద గుండు, మెత్తని ఫ్రేము కలిస్తే ఇంకేం కావాలి? అచ్చు పడ్డాక తిరుగు లేదు. పడకముందైతే మందు తగ్గించండి. 44లో 20 గ్రెయిన్లు, అంటే 1.3 గ్రాములు దాటకండి. మిగిలిన ఖాళీని రవ్వతో నింపితే గుండు మందును తాకుతూ కూర్చుంటుంది. అక్కడ మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండకూడదు.

చీల వదులవుతోంది, బ్యారెల్ ఊగుతోంది

1851, 1860 నమూనాల ఫ్రేముకు సిలిండరు పైన పట్టీ ఉండదు. సిలిండరు తిరిగే ఇరుసు కొన బ్యారెల్ రంధ్రంలోకి వెళ్లి, అడ్డంగా దిగిన ఒక చీలతో నిలుస్తుంది. ఇరుసు కొన రంధ్రం అడుగును తాకాలి. చాలా నకళ్లలో అది కాస్త పొట్టి. అప్పుడు చీలను ఎంత కొడితే బ్యారెల్ అంత వెనక్కు వంగుతుంది, చీల నలుగుతుంది, ఇరుసు గాడి పెద్దదవుతుంది. కనుక్కోవడం తేలిక. సిలిండరు తీసి, బ్యారెల్‌ను పక్కకు తిప్పి ఇరుసు మీదికి ఎక్కించండి. బ్యారెల్ కింది భాగం ఫ్రేము ముఖానికి సమంగా ఆగాలి. ఇంకా వెనక్కు జారితే ఇరుసు పొట్టిదన్నమాట. రంధ్రం అడుగున సరైన మందం ఉన్న ఉక్కు బిళ్ల వేస్తే చీల జీవితకాలం వస్తుంది. ఇంత చిన్న పని ఫ్యాక్టరీలోనే ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

క్యాపు ముక్క ఇరుక్కుంది

దీపావళి తుపాకీలో రీలు ఇరుక్కున్నట్టే. పేలిన రాగి క్యాపు చీలి హ్యామర్ ముందు పడుతుంది. నిపుల్ (క్యాపు తొడిగే చిన్న గొట్టం) రంధ్రం కాలి పెద్దదైతే వెనక్కు తన్నే వాయువు ఎక్కువవుతుంది. నిపుళ్లు మార్చండి, అవి వాడి పారేసే సరుకు. హ్యామర్ లాగేటప్పుడు బ్యారెల్‌ను మైదానం వైపే ఉంచి కొద్దిగా పైకెత్తితే ముక్కలు బయటికి రాలిపోతాయి. ఖాళీ నిపుళ్ల మీద హ్యామర్ కొట్టకండి, తలలు నలుగుతాయి.

రెండు రోజుల్లో తుప్పు

నల్లమందు అంటే మనకు వేరే అర్థం కాబట్టి నల్ల తుపాకిమందు అందాం. అది కాలాక మిగిలేవి పొటాషియం లవణాలు. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. నూనె పూస్తే చాలదు, లవణాన్ని కరిగించేది నీళ్లే. గ్రిప్పు చెక్కలు తీసి, సబ్బు చుక్క వేసిన వేడినీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె పూయండి. మందు తగిలే చోట పెట్రోలియం నూనె తారులా గడ్డకడుతుంది. అక్కడ తేనెమైనం, వంటనూనె కలిపిన ముద్ద మేలు. మూడు పోటీలకోసారి లోపలి భాగాలన్నీ విప్పుతాను. పొగరాని మందును క్యాపుల రివాల్వరులో చిటికెడు కూడా వేయకండి.

మరలు వదులైతే గ్రీజు తుడిచి, తేలిక రకం జిగురు ఒక చుక్క వేసి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో బిగించండి. సిలిండరు ఇరుసు పేలిన ప్రతిసారీ ముందుకు జారుతుంటే దాన్ని పట్టే అడ్డకమ్మి స్ప్రింగు మార్చండి, మీరు వాడే తూటాలు కూడా చూసుకోండి. పాయింట్ 45 కోల్ట్‌కు ప్రామాణిక గరిష్ఠ పీడనం 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). రూగర్‌లో మాత్రమే వాడాలని డబ్బా మీద రాసి ఉన్న తూటాలు అంతకు చాలా ఎక్కువ. 1873 నాటి కొలతల ఫ్రేముకు అవి పనికిరావు.

లాగి ఉంచిన హ్యామర్ తోస్తే పడిపోతోంది

ఖాళీ తుపాకీని పూర్తిగా లాగి, ట్రిగ్గర్ ముట్టకుండా, హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు తోయండి. పడిందా? గాడి అంచో ట్రిగ్గర్ మొనో అరిగింది లేదా విరిగింది. మొదటి భద్రతా గాడి అయితే మరీ సున్నితం. కింద పడితే ఆ దెబ్బకే విరగవచ్చు. పాత పద్ధతి నమూనాల్లో అయిదే గుండ్లు పెట్టి హ్యామర్‌ను ఖాళీ గది మీద ఉంచేది అందుకే. దీనికి రాయి, ఆకురాయి పట్టుకోకండి. గాడి కోణం కొంచెం తప్పినా తుపాకీ దానంతటదే పేలవచ్చు. ఖాళీగానే సంచిలో పెట్టి, తుపాకీ పనివారికి ఇచ్చి, హ్యామర్‌నూ ట్రిగ్గర్‌నూ జతగా మార్పించండి.