తాటి పలకలు వంకర పోకుండా ఆరబెట్టిన తీరు: నా అనుభవం

పెరట్లోని తాటిచెట్టు కొట్టించి అటకకు పలకలు తీయించాను. నెల తిరగకుండానే అవి దోనెల్లా వంగాయి, చివర్లు నారలు విడిపోయి చీలాయి. ఎండలో ఆరేయడం, పైన బరువుకు రాళ్లు పెట్టడం, నూనె పూయడం, ఏదీ పనిచేయలేదు.

రెండో చెట్టుకు పద్ధతి మార్చాను. తాటికి చేవ (గట్టి కలప) టేకులా నడుమ ఉండదు, బెరడు వైపు ఉంటుంది. లోపలి మెత్తటి భాగం నిండా నీరే. ఆరేటప్పుడు అది కుంగిపోయి పలకను తనవైపు లాగేస్తుంది. అందుకే నల్లటి నారలు దట్టంగా కనిపించినంత మేరకే కోయించాను. ఆ సాయంత్రమే చివర్లకు చిక్కటి పెయింటు రెండు పూతలు వేశాను. తర్వాత పాక నీడలో ఇటుకల మీద పేర్చి, వరుసకూ వరుసకూ మధ్య 2 అడుగులకొకటి చొప్పున అంగుళం మందం ఎండు సరుగుడు బద్దలు పెట్టాను. పైనుంచి కిందికి బద్దలన్నీ ఒకే నిలువులో ఉండాలి, ఇది చాలా ముఖ్యం. ఒక బద్ద పక్కకు జరిగిన చోటే పలక వంగింది. మరీ త్వరగా ఆరిపోకుండా మొదటి 3 వారాలు గాలి వీచే వైపు గోనెలు కట్టాను. వారం వారం ఒకే ముక్కను తూచి, బరువు తగ్గడం ఆగాకే చిత్రిక పట్టించాను.

12 పలకల్లో 10 తిన్నగా నిలిచాయి. మాది బాగా ముదిరిన చెట్టు, కొట్టించింది మాఘంలో. లేత తాటికీ కొబ్బరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను.