విలువిద్య, 4వ పాఠం: ఈకల్లేని బాణంతో పరీక్ష

పోయిన పాఠంలో తాడుకి నాకింగ్ పాయింట్ (బాణం తగిలించే చోటుకి గుర్తు) కట్టుకున్నాం. ఇవాళ మీ డజను కార్బన్ బాణాలూ ముందేసుకుని కూర్చోండి. ఒకే డబ్బాలో వచ్చాయని అన్నీ ఒకటే అనుకోకండి. ఒకే గెలలో కాయలైనా ఊపి చూడందే తీసుకోం కదండీ.

రెండు కొసలూ పట్టుకుని, మొహానికి దూరంగా, కాస్త వంచండి. పావువంతు తిప్పి మళ్లీ వంచండి. చిటపట వినిపించినా, వేలికి పీచు తగిలినా దాన్ని ఇక విల్లుకి ఎక్కించొద్దు. వదిలేటప్పుడు విరిగితే ఆ చీలికలు దిగేది విల్లు పట్టిన చేతిలోకే.

తూకానికి బంగారం కొట్టు త్రాసు చాలు. అమలాపురంలో నేను అక్కడే తూయించాను. కొట్టాయన బాణాన్నీ నన్నూ మార్చిమార్చి చూశాడు. బాణాల తూకం గ్రెయిన్లలో చెబుతారు; గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. రెండు మూడు గ్రెయిన్ల తేడా 18 మీటర్లలో పట్టించుకోనక్కర్లేదు.

బాణం మీద 500 అని ఉంటే, 28 అంగుళాల ఎడంతో ఆనించి మధ్యలో 880 గ్రాములు వేలాడదీస్తే అర అంగుళం వంగుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. అయితే మీ విల్లుకి అది సరిపోయిందో లేదో అంకె చెప్పదు, బేర్ షాఫ్ట్, అంటే ఈకల్లేని బాణం, చెబుతుంది.

రెండు బాణాలకి ఈకలు కోసేసి, అదే చోట అంతే బరువున్న టేపు చుట్టండి. 18 మీటర్ల నుంచి ఈకలున్నవి మూడు, లేనివి రెండు వేయండి. కొబ్బరాకు కదలని పొద్దున్నే వేయాలి. సముద్రపు గాలి లేచాక చూసిన ఫలితాన్ని నేను నమ్మను. వెనక వరిచేను ఉంటే బాణాలు లెక్కపెట్టి తెచ్చుకోండి, బురదలో మిగిలింది నాట్లేసేవాళ్ల కాళ్లలో దిగుతుంది.

ముందు ఎత్తు సరిచూడండి. ఈకల్లేనివి మిగతావాటికంటే కిందపడితే నాకింగ్ పాయింట్ పైకి ఉన్నట్టు, కొద్దిగా దించండి. పైన పడితే ఎత్తండి. తర్వాత పక్కలు. కుడిచేతి వాటం రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) వాళ్లకి ఎడమకి పడితే బాణం గట్టి: ప్లంజర్ (విల్లు మీద బాణం పక్కకి ఆనే బొడిపె) స్ప్రింగు వదులు చేయండి, లేదా బరువైన పాయింట్ (బాణం మొన) పెట్టండి. కుడికి పడితే మెత్తన, దీనికి తిరగేసి చేయాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ కలిపి మార్చి, ఏది పనిచేసిందో తెలియక తల పట్టుకున్నవాణ్ణి నేను.

చివరగా అన్నిటికీ నంబర్లు రాసి, ఏది ఎక్కడ పడిందో కాగితం మీద గుర్తు పెట్టండి. ఒక్కసారి తప్పితే తప్పు మీది. మూడు రోజులూ అదే నంబరు అటే పోతే దాని నాక్ (తాడుకి తగిలించే వెనక గాడి ముక్క) మూడోవంతు తిప్పి చూడండి. నా 7వ నంబరు వారం పాటు కుడికే పోయింది, నేను నా భుజాన్ని తిట్టుకున్నాను. తీరా చూస్తే నాక్‌లో వెంట్రుకంత పగులు!

ఆ కాగితం దాచండి. 5వ పాఠంలో 30 మీటర్లకి జరిగినప్పుడు దాన్నే ముందు పెట్టుకుంటాం.